వంగని నాలుకలు

ఉతికిన దుప్పట్లు దొంతర్లుగా పేర్చే గదిలో ఆరుగురు పెద్దవాళ్లు అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని "ప్హ... ప్హ... ప్హ" అని ఊదుతున్నారు. వరండాలో బండి తోసుకుంటూ పోతున్న ఆయమ్మ తలుపు సందులోంచి తొంగి చూసి, "ఏంటమ్మా, అందరికీ ఒకేసారి టీ కాలిందా?" అని నవ్వుకుంటూ పోయింది.

టీచరు కూడా నవ్వింది గానీ ఎవర్నీ ఆపనివ్వలేదు.

"చేతికి గాలి తగలాలి. మన 'ప'లో గాలి ఉండదు, ఇంగ్లీషు 'ప'లో ఉంటుంది. గాలి లేకుండా 'పెయిన్' అంటే కొందరికి అది 'బ'తో మొదలైనట్టు వినిపిస్తుంది. నొప్పి ఉందా అని అడుగుతున్నామని రోగికే తెలియకపోతే ఎలా? ఇంకోసారి."

"గాలితో పాటు తుంపర్లు కూడా తగులుతున్నాయి టీచరు గారూ. నా ఎదురుగా కూర్చున్నవాళ్లకి గొడుగు ఇప్పించండి," అన్నాడు సూది బాబాయ్. పరీక్షలకి రక్తం తీయడం ఆయన పని. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఆయన అసలు పేరు జీతమిచ్చేవాళ్లకి మాత్రమే తెలుసు.

ఆ ఆసుపత్రికి మోకాళ్ల ఆపరేషన్లకీ గుండె ఆపరేషన్లకీ పరాయి దేశాల నుంచి రోగులు రావడం మొదలైంది. వాళ్లతో మాట్లాడాల్సినవాళ్లకి ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పడానికి టీచర్ని పెట్టుకున్నారు. మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళలో పాఠం. ఖాళీగా ఉన్నది ఆ దుప్పట్ల గది ఒక్కటే. సబ్బు వాసనా, ఇస్త్రీ వేడీ, పక్క గదిలో తిరిగే బట్టల మిషను గుయ్యిమనే చప్పుడూ. ఆ చప్పుడు టీచరుకి నచ్చింది. "మీ వార్డుల్లో మాత్రం నిశ్శబ్దంగా ఉంటుందా? ఈ రొదలో అర్థమైన మాట ఎక్కడైనా అర్థమవుతుంది," అంది.

మాట ఎదుటివాళ్లకి అందడమంటే ఏమిటో ఆమె కాలేజీలో నేర్చుకోలేదు, ఇంట్లో నేర్చుకుంది. అత్తగారికి నడివయసులో జ్వరం వచ్చి చెవులు రెండూ పోయాయి. ఆవిడ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. టీచరు పెళ్లై వచ్చిన కొత్తలో గొణుక్కుంటున్నట్టు మాట్లాడేదట. అత్తగారు గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, "అమ్మాయ్, నోట్లో ఏం దాచావు? తెరిచి మాట్లాడు," అనేదట. భర్త ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేస్తాడు. ఆ చప్పుడుకి ఆయన చెవులు కూడా మందగిస్తున్నాయి. అలా ఆ ఇంట్లో ఏ మాటైనా స్పష్టంగా అనాలి, లేదా అనకుండా ఊరుకోవాలి.

మొదటి రోజు టీచరు బోర్డు మీద ఏమీ రాయలేదు. విడిచిన బట్టలు వేసే బుట్టలు రెండు ముందుకి లాక్కుంది, ఒక చేతినిండా దిండు గలీబులు తీసుకుంది. "మీరు రోజూ రోగులతో అనే మాటలు అనండి. తప్పు వచ్చినప్పుడల్లా ఒక గలీబు విసురుతాను. ఏ బుట్టలో పడుతుందో చూడండి," అంది.

పెద్ద సిస్టర్ ముందుగా లేచింది. ఆమె మోకాళ్ల వార్డులో నర్సు, అందరికంటే సీనియర్. జుట్టు ముప్పాతిక నెరిసింది. "ద డ్రెస్సింగ్ ఈజ్ వెట్," అంది, కట్టు తడిసింది అని చెప్పడానికి. పై పళ్లు కింది పెదవికి తగిలాయి. గలీబు ఎడమ బుట్టలో పడింది.

"పెదాలు గుండ్రంగా పెడితే తడి. పళ్లు తగిలిస్తే పశువుల డాక్టరు. మీరు అన్నదానికి, ఈ కట్టు పశువుల డాక్టరు అని అర్థం."

గది గొల్లున నవ్వింది. "మా ఎముకల డాక్టరు గారిని అలా అనకండి, ఆయనకి తెలిస్తే బాధపడతారు," అన్నాడు సూది బాబాయ్. అన్న పాపానికి ఆయనే లేవాల్సి వచ్చింది. రోగికి ఈ జబ్బు ఉందా అని అడగబోయి 'డిసీజ్‌డ్' అనే మాటలో 'జ' బదులు 'స' పలికాడు. గలీబు మళ్లీ ఎడమ బుట్టలోకే వెళ్లింది.

"జ అంటే మనిషికి జబ్బు చేసినట్టు. స అంటే మనిషి పోయినట్టు. బాబాయ్ గారూ, బతికున్నవాణ్ణి నువ్వు పోయావా అని అడిగారు."

తర్వాత ఎవరో 'బెడ్' అనడానికి 'బెడ్డు' అన్నారు. ఇంకొకరు 'ర'ని గలగలలాడించారు. మరొకరి 'ట' పైకప్పుకి మేకు కొట్టినట్టు పలికింది. ఆ గలీబులన్నీ కుడి బుట్టలో పడ్డాయి. కాసేపటికి కుడి బుట్ట నిండి పొర్లింది. ఎడమ బుట్టలో అడుగున కొన్నే ఉన్నాయి.

"ఈ ఎడమ కుప్ప ఎదుటివాళ్లకి ఒకటి చెప్పబోతే ఇంకొకటి చేరేసే తప్పులు. వీటిని దిద్దుకోవాలి, వేరే దారి లేదు," అంది టీచరు.

"మరి ఆ పెద్ద కుప్ప?" అడిగింది పెద్ద సిస్టర్.

"అది మీరు ఎక్కడివాళ్లో చెబుతుంది. అంతే. మన మాటలన్నీ అచ్చుతో ఆగుతాయి. మాటకి చివర ఒక పీట వేసి కూర్చోబెట్టి గానీ పంపం. అందుకే బెడ్డు, లెగ్గు, బ్లడ్డు. విన్నవాళ్లకి అర్థమవుతుందా? అవుతుంది. అయితే అది తప్పు కాదు, మీ ఇంటిపేరు లాంటిది. దాన్ని కడగడానికి నేను రాలేదు."

పెద్ద సిస్టర్ పొర్లిపడిన గలీబు ఒకటి తీసి ఆ బుట్టలో సర్దింది. "మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఈ వయసులో నా నాలుక వంగుతుందా అని భయపడుతూ వచ్చాను టీచరు గారూ."

"వంగక్కర్లేదు అక్కా. కాయలు కాస్తే చాలు."

ఆ మాట ఆసుపత్రి అంతా పాకింది. క్యాంటీన్‌లో ఎవరైనా ఇంగ్లీషు ముక్క మాట్లాడితే చాలు, "కాయ కాసిందోయ్" అనేవారు. పాఠం ఒక్కరు కూడా మానేవారు కాదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఆవులిస్తూనే "ఫిఫ్టీన్, ఫిఫ్టీ" అని వల్లించేవాళ్లు. మొదటి దాంట్లో బరువు చివర పడాలి, రెండో దాంట్లో మొదట పడాలి. అయినా అనుమానం వస్తే సిగ్గుపడకుండా "వన్ ఫైవా, ఫైవ్ జీరోనా?" అని అడిగి తీరాలి. టీచరు పెట్టిన ఒకే ఒక్క రూలు అది. అడిగినవాళ్లని చూసి ఎవరైనా నవ్వితే నవ్వినవాళ్లు దుప్పట్లు మడతపెట్టాలి.

ఇలా సాగుతుండగా ట్రైనింగ్ ఆఫీసరు ఒక మిషను పట్టుకుని వచ్చాడు. వయసులో చిన్నవాడు, చొక్కా ఎప్పుడూ నలగదు. పరాయి దేశంలో చదువుకుని, కొన్నాళ్లు అక్కడే ఉద్యోగం చేసి వచ్చాడు. నల్లటి చిన్న పెట్టె, దానికో మైకు, ముందు అంకెలు కనిపించే అద్దం. మైకులో ఇంగ్లీషు మాట్లాడితే వందకి ఇన్ని మార్కులని వేస్తుంది. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల గొంతుకి ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. ఆ రోజు నుంచి ఆయనకి 'మార్కుల బాబు' అని పేరు పడిపోయింది.

"మేడం, పాఠం ఎంతవరకు వచ్చిందో చూద్దాం," అన్నాడు మర్యాదగానే.

ముందు కౌంటరమ్మాయి మాట్లాడింది. రోగుల పేర్లు రాసుకునే కౌంటరులో కొత్తగా చేరిన పిల్ల, సినిమాలు చూసి ఇంగ్లీషు పట్టింది. సగం హల్లులు మింగేసి, మాటకీ మాటకీ మధ్య సందు లేకుండా గడగడా అంది. అద్దం మీద ఎనభై నాలుగు పడింది. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు.

పెద్ద సిస్టర్ మైకు ముందు నిలబడి చీర కొంగు సర్దుకుంది. "గుడ్ మార్నింగ్. ఐ యామ్ యువర్ నర్స్. ఆర్ యూ ఇన్ పెయిన్?" ఒక్కో మాటా చెరిగిన బియ్యంలా శుభ్రంగా వచ్చింది. 'పెయిన్'లో గాలి ఉంది. టీచరుకి ఒళ్లు పులకరించింది.

అద్దం మీద ముప్పై ఒకటి పడింది.

ఎవరూ నవ్వలేదు. సూది బాబాయ్ కూడా. పెద్ద సిస్టర్ మాత్రం కాస్త నవ్వడానికి ప్రయత్నిస్తూ, "బళ్లో కూడా నాకు ఇంగ్లీషులో ఇంతే వచ్చేవి. కాకపోతే అప్పుడు చదివేదాన్ని కాదు," అంది.

"డెబ్భై దాటనివాళ్లు ఇకనుంచి విదేశీ రోగుల గదుల్లోకి వెళ్లకూడదు," అన్నాడు ఆఫీసరు. "నెలాఖరున పెద్ద డాక్టరమ్మ గారి ముందు అందరికీ పరీక్ష. అప్పటికీ రాకపోతే విదేశీయులు రాని వెనక వార్డులకి మారుస్తాం. మేడం, మీరు యాస మీద పని చేయించండి."

ఆ సాయంత్రం టీచరు ఇంటికి వెళ్లి చెప్పులు విసిరికొట్టినట్టు విడిచింది. అత్తగారు వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. చప్పుడు వినపడకపోయినా చెప్పులు పడిన తీరు చూసింది. "ఎవరి మీద?" అంది.

టీచరు ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పింది.

"ఆ మిషను చెవిటిదా?"

"కాదత్తయ్యా. వింటుంది."

"వింటే సరిపోతుందా? నాకు వినపడదు, అర్థమవుతుంది. మీ ఆయనకి కొద్దో గొప్పో వినపడుతుంది, ఏం లాభం?" అని ఆవిడ మళ్లీ కత్తిపీట వైపు తిరిగింది. "అయినా ఆ సిస్టరుకి ముప్పై ఒకటి వేసింది మిషనైతే, బయటికి పొమ్మన్నది మనిషి కదా. నువ్వు మిషను మీద కోపం పెట్టుకుంటావేం?"

నిజమే. అంతసేపూ టీచరు ఆ నల్ల పెట్టెనే తిట్టుకుంటూ వచ్చింది.

మోకాళ్ల వార్డులో నాలుగో గదిలో ఒక పెద్దావిడ ఉంది. దూరదేశం నుంచి ఒంటరిగా వచ్చింది. ఆవిడది కూడా ఇంగ్లీషు దేశం కాదు. ముసలితనంలో మనవల కోసం నాలుగు ముక్కలు నేర్చుకుందట. వచ్చిన రోజు నుంచి పెద్ద సిస్టరే చూసుకునేది. రూలు వచ్చాక ఆవిడతో మాట్లాడటానికి కౌంటరమ్మాయిని పంపడం మొదలుపెట్టారు.

ఆపరేషను రోజున పాఠం మధ్యలో కౌంటరమ్మాయి మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. రొప్పుతోంది. "అక్కా, ఆవిడ పొద్దున్నించీ నేనేం చెప్పినా తలూపుతోంది. అర్థమైందనుకున్నాను. ఇప్పుడు చూస్తే నీళ్ల గ్లాసు చేతిలో ఉంది! తాగొద్దని లాక్కోబోతే ఇవ్వకుండా ఏడుస్తోంది. స్లో సిస్టర్, స్లో సిస్టర్ అంటోంది. నెమ్మదిగా మాట్లాడే సిస్టరంటే మీరేనక్కా. ఒక్కసారి రండి."

పెద్ద సిస్టర్ లేచింది. సరిగ్గా అప్పుడే ఆఫీసరు గుమ్మంలో కనిపించాడు, ఆ పిల్ల వెనకాలే వచ్చినట్టున్నాడు.

"సిస్టర్, రూలు తెలుసు కదా. నేను ఇంకొకర్ని పంపిస్తాను."

"పంపించండి బాబూ," అంది పెద్ద సిస్టర్. "వాళ్లు వచ్చేదాకా నేనుంటాను." ఆయన పక్కనుంచి, భుజం తగలకుండా, తాపీగా వెళ్లిపోయింది. టీచరు కూడా వెనకే నడిచింది.

నాలుగో గదిలో పెద్దావిడ మంచం అంచున కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు రేగిపోయింది. పెద్ద సిస్టర్ ముందు ఆవిడ చెయ్యి తీసుకుంది, తర్వాత గ్లాసు తీసుకుంది. ముఖం ఆవిడకి ఎదురుగా పెట్టి ఒక్కో మాటా అంది.

"టుడే, ఆపరేషన్. బిఫోర్ ఆపరేషన్, నో ఫుడ్డు. నో వాటర్."

పెద్దావిడ వేళ్లతో చిటికెడంత చూపించింది. "వాటర్... లిటిల్?"

"లిటిల్ ఆల్సో నో."

పెద్దావిడ ఆ ముఖం వైపు ఒక్క క్షణం చూసి, కళ్లలో నీళ్లతోనే పకపకా నవ్వింది. "లిటిల్ ఆల్సో నో!" అని తను కూడా అంది. ఇద్దరివీ రెండు వేరువేరు యాసలు, రెండూ ఇంగ్లీషు దేశానికి చెందినవి కావు. తర్వాత ఆవిడ అసలు సంగతి చెప్పింది. ఆపరేషను ఇవాళ అని ఆవిడకి తెలియనే తెలియదు. రేపేమో అనుకుంది. బట్టలు మార్చమంటే, ఇంటికి పంపేస్తున్నారేమో అని భయపడింది.

"డ్రింక్? వాటర్? బిఫోర్?" పెద్ద సిస్టర్ గ్లాసూ, గొంతూ చూపిస్తూ అడిగింది. లేదని పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. ఇంకా తాగలేదు. పెద్ద సిస్టర్ ఆపరేషను థియేటరుకి ఫోను చేసి విషయం చెప్పింది. ఆపరేషను ఆగలేదు. బండి మీద తీసుకెళ్తుంటే పెద్దావిడ లిఫ్టు దాకా సిస్టర్ చెయ్యి వదల్లేదు.

కౌంటరమ్మాయి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. "నాకు ఎనభై నాలుగు వచ్చాయి కదా టీచరు గారూ," అంది చిన్నగా. "మరి ఆవిడకి ఎందుకు అర్థం కాలేదు?"

"నువ్వు మిషను కోసం మాట్లాడావు తల్లీ. ఆవిడతో మాట్లాడటం రేపటి నుంచి నేర్చుకుందువుగాని."

మర్నాడు ఆఫీసరు టీచర్ని తన గదికి పిలిచాడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు.

"మేడం, నిన్న జరిగింది మంచికే జరిగింది, నేను కాదనను. కానీ ఒక్కరికి మినహాయింపు ఇస్తే రూలు ఉండదు. పెద్ద సిస్టరుకి ఈ వయసులో యాస మారదని మీరు డాక్టరమ్మ గారితో ఒక్క మాట చెప్పండి. మీరు చెబితే గౌరవంగా వెనక వార్డుకి మారుస్తాం. ఆవిడకీ శ్రమ తప్పుతుంది."

"యాస మారదన్నది నిజమే. ఆవిడ పనికిరాదన్నది అబద్ధం. రెండూ కలిపి మీరు ఒకే మాట చేస్తున్నారు."

ఆయన టీ కప్పు గిర్రున తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మీకు తెలియదు మేడం. అక్కడ నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్లు. మీటింగులో నేను చెప్పిందే ఇంకొకడు చెబితే తలలూపేవాళ్లు. రోజూ పొద్దున్న అద్దం ముందు నిలబడి నా నాలుకని నేనే కొట్టుకున్నాను. ఇప్పుడు ఎవరూ నవ్వరు. మనవాళ్లని చూసి కూడా ఎవరూ నవ్వకూడదనే కదా నా తాపత్రయం!"

టీచరు కోపం కాస్త చల్లబడింది. ఆ కుర్రవాడి మీద జాలి కూడా కలిగింది. కానీ జాలి వేరు, ఒప్పుకోవడం వేరు.

"మిమ్మల్ని చూసి నవ్వారే, తప్పు వాళ్లది. ఆ తప్పుని మీరు భద్రంగా మోసుకొచ్చి ఈ ఆసుపత్రిలో రూలు చేశారు. అక్కడ వాళ్లు నవ్వారు. ఇక్కడ మన సిస్టర్ని గదిలోంచి బయటికి పంపింది మీరు."

ఆయన ముఖం ఎర్రబడింది. "అయితే చెప్పరు."

"చెప్పను."

"మీ క్లాసులు ఈ నెలతో ఆపాల్సి ఉంటుంది మేడం."

"ఆపండి. నెల ఇంకా అయిపోలేదు కదా, నాకు పాఠం ఉంది," అని లేచింది. టీ తాగలేదు.

పరీక్ష రోజున పెద్ద హాల్లో కుర్చీలు వేశారు. పెద్ద డాక్టరమ్మ థియేటరు నుంచి నేరుగా వచ్చింది, తలకి కట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు. బల్ల మీద నల్ల పెట్టె. వెనక గోడ మీద అందరికీ కనబడేలా అంకెలు. పెద్ద సిస్టర్‌ని ముందు పిలిచారు.

టీచరు మూడో వరసలో చేతులు ఒళ్లో బిగించి కూర్చుంది. క్లాసువాళ్లు పొద్దున్నించీ తనని చూసి చూపులు తిప్పుకుంటున్నారు. ఏదో ఉందని అనుమానం వచ్చింది గానీ ఏమిటో తెలియలేదు.

పెద్ద సిస్టర్ మైకు పట్టుకుంది. ఇంగ్లీషులో కాదు, తన భాషలో మొదలుపెట్టింది.

"నేను నర్సుని. పుట్టినవాళ్లని ఈ చేతుల్లోకి తీసుకున్నాను. పోయేవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నీ మాట అర్థం కావట్లేదని ఇంతవరకు ఏ రోగీ నాతో అనలేదు. ఈ పెట్టె అంటోంది. దీనికి నొప్పి లేదు, అందుకని దీన్ని నేను పట్టించుకోను."

గోడ మీద నాలుగు పడింది. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఇంగ్లీషులో చెప్పండి సిస్టర్!" అన్నాడు ఆఫీసరు లేచి. ఆమె అప్పటికే మైకు సూది బాబాయ్‌కి ఇచ్చేసింది.

ఆయన గొంతు సవరించుకుని, రోజూ రోగులతో అనేదే అన్నాడు. "అటు చూడండమ్మా, కిటికీ వైపు. పిడికిలి బిగించండి. చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే. అయిపోయింది, చూశారా!" గోడ మీద తొమ్మిది పడింది. "అక్కా, నీకంటే అయిదు ఎక్కువ," అన్నాడు. హాలు వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

ఒకరి తర్వాత ఒకరు వెళ్లారు. ఆఖరికి కౌంటరమ్మాయి వంతు వచ్చింది. కొత్త ఉద్యోగం, అందులో ఎనభై నాలుగు మార్కుల పిల్ల. ఆఫీసరు ముఖంలో కాస్త ఆశ కనిపించింది. ఆ పిల్ల తలదించుకునే మైకు తీసుకుంది. తర్వాత తలెత్తి తన భాషలో అంది.

"నాకు ఎనభై నాలుగు వచ్చాయి. నేను చెప్పింది నాలుగో గది పెద్దావిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు ఈ మార్కులొద్దు."

పెట్టె ఏ అంకే వేయలేదు. స్పష్టంగా మాట్లాడమని ఇంగ్లీషులో తియ్యగా అడిగింది. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. టీచరు అతని వైపు చూసి, తను కూడా నవ్వడం ఆపేసింది.

పెద్ద డాక్టరమ్మ చెయ్యెత్తింది. నవ్వు ఆగింది. "టీచరు గారూ, ఇది మీరు నేర్పిందేనా?"

టీచరు లేచి నిలబడింది. "నేర్పలేదండీ. నాకు తెలిస్తే ఆపేదాన్నేమో కూడా. ఇప్పుడు మాత్రం, నేర్పానని చెప్పుకోడానికి సిగ్గుపడను."

"వీళ్లకి ఇంగ్లీషు రాదని నేను అనుకోవాలా?"

"మీరే అడిగి చూడండి. పెట్టెతో కాదు, మీతో మాట్లాడతారు."

డాక్టరమ్మ పెద్ద సిస్టర్ వైపు తిరిగింది. థియేటరులో మాట్లాడినట్టే, నోటి ముందు ముసుగు ఉన్నట్టే, ఇంగ్లీషులో గబగబా ఒక మందు పేరూ మోతాదూ చెప్పింది. పెద్ద సిస్టర్ తొణకలేదు. "డాక్టర్, ఫిఫ్టీన్? వన్ ఫైవ్?" అని అడిగింది, బరువు పడాల్సిన చోట పడేసి.

"వన్ ఫైవ్," అంది డాక్టరమ్మ. తలకి కట్టిన గుడ్డ విప్పి మడత పెట్టింది. "ఈ పరీక్ష ఇంతటితో ఆపేద్దాం. సిస్టర్, మీ వార్డుకి మీరు వెళ్లండి. విదేశీ రోగుల గదులకి కూడా."

గెలిచామని అందరూ అనుకున్నారు. సగమే గెలిచారు. ఆ సాయంత్రం డాక్టరమ్మ టీచర్ని విడిగా పిలిచి, "మీ పాఠం బాగుంది. కానీ అందరి ముందూ ఆసుపత్రి రూలు అల్లరిపాలయ్యాక మిమ్మల్ని కొనసాగించలేను. నేను కూడా కొందరికి జవాబు చెప్పుకోవాలి," అంది. తప్పించుకునే మాటలు కావవి, ఉన్నదున్నట్టు చెప్పింది. టీచరు కూడా బతిమాలలేదు. దుప్పట్ల గదికి వెళ్లి బుట్టలు రెండూ వాటి చోట పెట్టి, గలీబులు మడిచి పైన పెట్టి వచ్చేసింది. ఆఫీసరు ఉద్యోగం ఆఫీసరుకే ఉంది. నల్ల పెట్టె ఏ బీరువాలోకి వెళ్లిందో ఎవరూ అడగలేదు.

ఇంట్లో మొదటి నాలుగు రోజులూ గడ్డుగా గడిచాయి. చేసింది ఒప్పే అనిపించేది, మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళ అయ్యేసరికి మాత్రం కాలు నిలిచేది కాదు. భర్త ఒకరోజు పని నుంచి వచ్చి, ముందు గదిలో ఉన్న పాత సోఫాని ఎవరూ అడగకుండానే పెరట్లోకి లాగేశాడు. "కుర్చీలు పడతాయి," అన్నాడు. అంతకంటే మాట్లాడలేదు. ఆ ఇంట్లో అనవసరంగా మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

ఆ వారాంతానికి, పాఠం ఇక్కడే సాగించమంటూ పెద్ద సిస్టర్ వచ్చింది. వెనకే సూది బాబాయ్, కౌంటరమ్మాయి, ఇంకా మిగతా క్లాసువాళ్లు. ఒక్కొక్కరూ తమతో ఇంకొకర్ని లాక్కొచ్చారు. అత్తగారు గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఎవరి పెదాలు గుండ్రంగా ఉన్నాయో, ఎవరి పళ్లు తగిలాయో ఆవిడ కళ్లకి దొరికిపోయేది. "ఆ మీసాలాయన పళ్లు మళ్లీ తగిలాయి," అనేది. సూది బాబాయ్ మర్నాడే మీసం కత్తిరించుకొచ్చాడు, తప్పు మీసానిదని రుజువు చేయడానికి. కాదని తేలింది.

వీధి చివర ఉండే బోర్డులు రాసే మనిషిని పిలిపించారు. టీచరు ఏం రాయాలో చెబితే ఆయన కుంచె గాల్లోనే ఆపేశాడు.

"'ఇక్కడ ఇంగ్లీషు నేర్పబడును' వరకు బాగుందమ్మా. ఈ రెండో వాక్యం ఎందుకు? 'యాస మార్చబడదు' అని రాస్తే వచ్చేవాళ్లు కూడా రారు."

"యాస మార్చుకోవాలనుకునేవాళ్లు రావద్దనే రాయిస్తున్నాను. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయండి."

ఆయన తల గోక్కుని, మొదటి వాక్యం కంటే రెండోదే పెద్దగా రాశాడు.

బోర్డు తడి ఆరకముందే ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎండకి ఒక చెయ్యి మాత్రమే నల్లబడింది. విమానాశ్రయం నుంచి వచ్చేవాళ్లు తన మాట అర్థం చేసుకోరని, అద్దంలోంచి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారని చెప్పాడు. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు అడిగాడు.

"ఎన్నాళ్లకి వాళ్లలాగా మాట్లాడతానండీ?"

"ఎప్పటికీ మాట్లాడరు," అంది టీచరు. "మీలాగానే మాట్లాడతారు. మీరు చెప్పింది వాళ్లకి అర్థమవుతుంది, వాళ్లు చెప్పింది మీకు అర్థమవుతుంది. నవ్వేవాళ్లుంటే, ఎందుకు నవ్వుతున్నారని వాళ్ల భాషలోనే అడగడం కూడా నేర్పుతాను. ఇష్టమైతే రండి."

డ్రైవరు ఒకసారి వీధిలో ఉన్న తన బండి వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పెద్ద సిస్టర్ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకోండి అన్నయ్యా," అంది పెద్ద సిస్టర్. "గాలి తగలాలి."